ఒకే నాన్న, రెండు అప్లికేషన్లు

అవని తండ్రి ఆదిశేషు చనిపోయింది ఒక్కసారే. ఏడేళ్ళ కిందట, మే నెలలో, ఒక గురువారం నాడు. కానీ ఈ అక్టోబరులో అవనికి వచ్చిన ఈమెయిల్‌ని బట్టి చూస్తే ఆయన రెండుసార్లు పోయాడు. రెండోసారి పోయినప్పుడు ఆయన పేరు రవి.

ఈ తిరకాసు అర్థం కావాలంటే అవని ఏం చదవాలనుకుందో ముందు చెప్పాలి. అవనికి ఇరవై తొమ్మిదేళ్ళు. నార్త్ కరొలైనాలోని క్యారీలో తల్లి దమయంతితో కలిసి ఉంటుంది. అరగంట దూరంలో ఉన్న ఒక పెద్ద ఆసుపత్రిలో, గుండె ఆపరేషన్లు అయినవాళ్ళని ఉంచే ఐసీయూలో నాలుగేళ్ళుగా నర్సు. ఆపరేషన్ ముందు మనిషికి మత్తిచ్చి, అది సాగినంతసేపూ ఆ మనిషి ఊపిరిని కనిపెట్టుకుని ఉండి, చివరికి కళ్ళు తెరిపించే నర్సులుంటారు. నర్స్ అనస్థీటిస్టులు అంటారు. అవని కావాలనుకున్నది అది. మూడేళ్ళ చదువు, చదివినన్నాళ్ళూ ఉద్యోగం మానుకోవాలి, సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేటన్ని. చదువు పూర్తయ్యాక పేరు ముందు డాక్టర్ అని కూడా పెట్టుకోవచ్చు. దమయంతి ఈ చదువుకి ఒప్పుకున్నది ఈ చివరి ముక్క విన్నాకే. కూతురు నర్సు అని చెప్పుకోవడానికి నామోషీపడి, నాలుగేళ్ళుగా గుడిలో కనిపించినవాళ్ళందరికీ "క్రిటికల్ కేర్‌లో ఉంది" అని చెప్పుకొస్తోందావిడ.

ఈ సీట్ల కోసం ఒక్కో కాలేజీ గుమ్మం తొక్కనక్కర్లేదు. అందరికీ కలిపి ఒక సెంట్రల్ అప్లికేషన్ సర్వీసుంది. మార్కులు, అనుభవం, పెద్దల సిఫారసులు, మీరెందుకు ఈ చదువు చదవాలనుకుంటున్నారో చెప్పే రెండు పేజీల వ్యాసం, అన్నీ అక్కడ పెడితే చాలు, ఎంచుకున్న కాలేజీలన్నిటికీ అదే కట్ట వెళ్ళిపోతుంది. చాలా సౌకర్యం. మచ్చ పడినా అంతే సౌకర్యంగా అన్నిచోట్లా ఒకేసారి పడుతుంది. సబ్మిట్ నొక్కాక వ్యాసంలో కామా కూడా మార్చడానికి లేదు.

అవనికి ఆ వ్యాసం రాయడానికి ఏడాది పట్టింది. రాసింది తండ్రి గురించి. ఆదిశేషు దగ్గర్లోనే రీసెర్చ్ ట్రయాంగిల్ అనే కంపెనీల పేటలో ఒక మందుల కంపెనీలో కెమిస్టు. గుండె ఆపరేషన్‌కి విజయవాడ తోలుచెప్పులు వేసుకుని వెళ్ళాడు. ఆసుపత్రివాళ్ళు గౌను తొడిగారు, ఉంగరం తీయించారు, కళ్ళజోడు తీయించారు. చెప్పులు మాత్రం విప్పనని మొండికేశాడు. మత్తివ్వడానికి వచ్చిన నెరిసిన జుట్టు నర్సు ముందు ఆయన పేరు మూడుసార్లు పలికి, సరిగ్గా వచ్చేదాకా ఆయన చేతే దిద్దించుకుంది. తర్వాత తనే వంగి చెప్పులు విప్పి, సంచిలో పెట్టి, మంచం కాళ్ళ దగ్గర కట్టి, "ఇవి వేసుకునే ఇంటికెళ్తారు" అంది. ఆయన నవ్వుతూ కళ్ళు మూశాడు. మళ్ళీ తెరవలేదు. సాయంత్రం ఆ నర్సే సంచి రెండు చేతులతో పట్టుకొచ్చి, అవని పక్కన కూర్చుని, "మీ నాన్నగారికి మాటిచ్చాను, నిలబెట్టుకోలేకపోయాను" అంది. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టర్లెవరికీ ఆ మాట అనాలని తోచలేదు. మెడిసిన్‌కి చదువుకుంటున్న అవని పుస్తకాలు కట్టిపెట్టి నర్సింగ్‌లో చేరింది అందుకే. ఆ వ్యాసంలో ఉన్నది అదే, అంతకు మించి ఒక్క అలంకారం లేదు.

ఆ వ్యాసాన్ని దమయంతి తీసి వేరేవాళ్ళకిచ్చేసింది.

దొంగతనం అనుకుని ఇవ్వలేదు, పాపం. మనవాళ్ళలో ఇలాంటి వ్యాసాలు మాగాయ సీసాల్లా ఇల్లిల్లూ తిరుగుతాయి. ఎవరి పిల్లకో సీటొస్తే ఆ పిల్ల రాసింది వాట్సాప్‌లో ఊరంతా చేరుతుంది. పేరు, ఊరు మార్చుకుని నలుగురు వాడుకుంటారు, ఐదోవాడికిస్తారు. రాధారాణి ఫోన్ చేసి, "వదినా, మా దేదీప్యకి రాత రాదే. అవనిది ఒక్కసారి చూసి ఇచ్చేస్తుంది" అంది. దమయంతి ఇంట్లో ఐప్యాడ్ తెరిచి, కూతురు ప్రింట్ తీసుకోవడానికి దాచుకున్న ఫైలు వెతికి పంపించింది. పంపించాక పోపు వేసుకుంది.

రాధారాణి, ఆమె భర్త రవికుమార్, దమయంతికి చుట్టాలు కారు. అంతకంటే ఎక్కువ. ఆదిశేషు పోయిన రోజు ఆసుపత్రికి మొదట వచ్చింది వాళ్ళే. పదకొండు రోజులు రాధారాణి మూడు పూటలా క్యారేజీలు మోసింది. రవికుమార్ ఫ్యూనరల్ హోమ్‌తో మాట్లాడాడు, బ్యాంకులు తిరిగాడు, ఇన్సూరెన్సు తేల్చాడు. దహనం చేసే చోట మీట ఎవరో ఒకరు నొక్కాలి. తల్లీకూతుళ్ళకి చేతులాడకపోతే, అవని చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఇద్దరి వేళ్ళతో కలిపి నొక్కినవాడు రవికుమార్. ఆ చెప్పులు విజయవాడ నుంచి తెచ్చిచ్చింది కూడా ఆయనే.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు దేదీప్య. అవని కంటే మూడేళ్ళు చిన్నది. చిన్నప్పటినుంచీ అవని అక్క కూచిపూడి నేర్చుకుంటే కూచిపూడి, అవని అక్క కళ్ళజోడు పెడితే కళ్ళు బాగానే ఉన్నా కళ్ళజోడు. అవని నర్సింగ్‌లో చేరితే తనూ చేరింది. పక్క ఊరు డర్హమ్‌లో ఐసీయూ ఉద్యోగం అవనే సిఫారసు చేసి ఇప్పించింది. ఇప్పుడు ఇద్దరూ అవే ఆరు కాలేజీలకి అప్లై చేశారు. అవని అందుకూ సంతోషించింది, కలిసి చదువుకోవచ్చు కదా అనుకుంది. అంత అమాయకురాలు.

దేదీప్య జులైలో సబ్మిట్ చేసింది. అవనికి ఆలస్యమైంది. ఎప్పుడో కమ్యూనిటీ కాలేజీలో చదివిన ఒక కెమిస్ట్రీ కోర్సు రాయడం మరిచిపోయిందని సర్వీసువాళ్ళు అప్లికేషన్ వెనక్కి పంపారు. అది సరిచేసి పంపేసరికి ఆగస్టు చివరైంది. ఆ ఐదు వారాల తేడా ఏం చేస్తుందో అప్పుడు ఆమెకి తెలియదు.

అక్టోబరులో రెండు కాలేజీలు కారణం చెప్పకుండా కాదన్నాయి. మూడు ఉలకలేదు, పలకలేదు. ఆరోది అవని అన్నిటికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది. వాళ్ళు ఒక శనివారం పొద్దున్నే మెయిల్ పెట్టారు. మీ వ్యాసం మాకు అంతకుముందే అందిన ఇంకొక అభ్యర్థి వ్యాసంతో చాలా భాగం సరిపోలింది, వచ్చే శనివారం సాయంత్రం ఐదింటిలోగా ఆధారాలతో సంజాయిషీ ఇవ్వండి, లేకపోతే మీ అప్లికేషన్ మూసేసి కారణం నమోదు చేస్తాం అని. కింద రెండు వ్యాసాలూ పక్కపక్కన రెండు కాలమ్‌లలో పెట్టి, కలిసిన వాక్యాలకి పసుపు పూశారు. ఎడమ కాలమ్ పైన పేరు కొట్టేసి ఉంది.

పేరు అక్కర్లేకపోయింది. ఎడమ కాలమ్‌లో నర్సు మూడుసార్లు పలికి నేర్చుకున్న పేరు "రవి". రెండక్షరాల పేరు ఎవరైనా మూడుసార్లు దిద్దించుకుంటారా? ఆ మాత్రం ఆలోచన కూడా లేదు దొంగపిల్లకి. మిగతాదంతా అలాగే ఉంది. గురువారం ఉంది. తోలుచెప్పులున్నాయి. "మా నాన్న మళ్ళీ కళ్ళు తెరవలేదు" అన్న వాక్యం చుట్టూ పసుపు చిక్కగా ఉంది. తండ్రి పోయిన రోజు కూడా అవనికి అంత కోపం రాలేదు.

"నువ్వు ఇచ్చావా అమ్మా?" అని అడిగింది వంటింట్లోకి వచ్చి.

"ఏమిటే ఇచ్చింది?"

"నా ఎస్సే."

దమయంతి నీళ్ళు నమిలింది. "రాధ అడిగితే ఒకసారి చూసుకోమని ఇచ్చాను. దానికేం?"

అవని స్క్రీన్ చూపించింది. దమయంతి చదివింది. "రవి" దగ్గర ఆగింది. "రామ రామ," అని రెండు చెంపలూ వేసుకుంది. "లక్షణంగా ఉన్న మనిషిని పట్టుకుని..." తన భర్తని ఎవరో ఎత్తుకుపోయారన్న సంగతి ఆవిడకి ఇంకా తట్టలేదు. బతికున్నవాడిని చంపారన్నదే పెద్ద అశుభంగా కనిపించింది.

సోమవారం డ్యూటీ దిగాక అవని డర్హమ్ వెళ్ళి, దేదీప్య పనిచేసే ఆసుపత్రి పార్కింగ్‌లో ఆమెని పట్టుకుంది. దేదీప్య బొంకలేదు. అదే ఇంకా కడుపు మండించింది.

"అక్కా, లిజన్. నేను మొత్తం కాపీ చెయ్యలేదు. ఓపెనింగ్ మార్చాను."

"మీ డాడీని చంపావే!"

"ఇట్స్ జస్ట్ యాన్ ఎస్సే, అక్కా. ఎవ్రీబడీ డజ్ ఇట్." కారు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ మాట్లాడింది. "నీకేం, నీకు స్టోరీ ఉంది. మా డాడీ హెల్తీగా ఉన్నాడు, మమ్మీ హెల్తీగా ఉంది. నా దగ్గర ఏముంది రాయడానికి? నువ్వు ఇంకోటి రాసుకోవచ్చుగా. యూ హ్యావ్ సో మెనీ."

తండ్రి పోవడం అదృష్టమైనట్టు, ఆ అదృష్టం అవని ఒక్కతే అనుభవిస్తోందని కుళ్ళుకున్నట్టు మాట్లాడుతోంది పిల్ల.

"నీక్కూడా మెయిల్ వచ్చిందా?" అని అడిగింది అవని.

"వచ్చింది. రిప్లై ఆల్రెడీ పెట్టేశాను."

"ఏమని?"

"నాది జులైలో సబ్మిట్ అయింది, తనది ఆగస్టులో. డేట్స్ చూసుకోండి అని." దేదీప్య కారెక్కి కిటికీ దించింది. గొంతు మెత్తగా చేసింది. "సారీ అక్కా. నాకు ఇంకో కాలేజీలో సీట్ వచ్చేసింది. లెటర్ కూడా వచ్చింది. ఇప్పుడు ఇది బయటికొస్తే అది పోతుంది. నీకు నెక్స్ట్ ఇయర్ ఉందిగా."

నెక్స్ట్ ఇయర్! మూసేసిన అప్లికేషన్ మీద "కాపీ" అని రాస్తే, నెక్స్ట్ ఇయర్ ఏ కాలేజీ తలుపు తీస్తుంది?

ఇక మిగిలింది ఆధారం. ఆదిశేషు డెత్ సర్టిఫికెట్ ఒక్కటి పెడితే చాలు. మే నెల, గురువారం, ఆసుపత్రి పేరు, అన్నీ దానిమీద ఉన్నాయి. అది దమయంతి బీరువాలో నీలం ఫైలులో ఉంటుంది. వారమంతా డ్యూటీలతోనే గడిచి, శుక్రవారం సాయంత్రం అవని ఫైలు తెరిస్తే పాస్‌పోర్టులున్నాయి, ఇంటి కాగితాలున్నాయి, సర్టిఫికెట్ లేదు.

"ఎక్కడ పెట్టావమ్మా?"

దమయంతి సోఫాలో దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇవ్వను," అంది.

"అమ్మా!"

"వాళ్ళే లేకపోతే మీ నాన్న శవాన్ని నువ్వూ నేనూ ఏం చేసేవాళ్ళమే? ఆ పిల్ల జీవితం నా చేతుల మీదుగా పాడవ్వాలా? నీకు ఉద్యోగం ఉంది. చదువు లేకపోతే చావవు."

"నా పేరు మీద దొంగ అని రాస్తారు."

"రాయనీ. ఎవరు చూడొచ్చారు? ఊళ్ళో ఎవరికీ తెలియదు."

ఊళ్ళో తెలియకపోతే జరగనట్టే దమయంతికి. అవని ఇల్లంతా వెతికింది. బియ్యం డబ్బాలో, దేవుడి మందసంలో, తండ్రి పాత సూట్‌కేసులో. దొరకలేదు. పోయినవాళ్ళ గురించి పేపర్లో వేయించుకునే అలవాటు మనవాళ్ళకి లేదు కనుక ఆ ఆధారమూ లేదు. ఇంకో కాపీ ఇచ్చే కౌంటీ ఆఫీసు సోమవారం దాకా తెరవరు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో రవికుమార్ బ్యాంకుల కోసమని పన్నెండు కాపీలు తీయించాడు. వాడనివి ఆయన దగ్గరే ఉండిపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం దేదీప్యకి సీటొచ్చిన సందర్భంగా రాధారాణి ఇంట్లో భోజనాలు. గుమ్మం పక్కన నలభై జతల చెప్పులు, లోపల నలభైమంది, గుత్తివంకాయ, పులిహోర, ఒక మూల ఎర్రటి అక్షరాలతో "కంగ్రాట్స్ డాక్టర్ దేదీప్య" అని రాసిన కేకు. రాధారాణి ఎదురొచ్చి దమయంతిని కౌగిలించుకుంది. అవని బుగ్గ నిమిరి, "నీకూ వస్తుందిలే తల్లీ, దిగులుపడకు" అంది. తన దిగులు సంగతి అవని ఆవిడకి చెప్పనేలేదు. ఈవిడకి తెలుసు, అని అర్థమైంది అవనికి. తెలిసే పులిహోర వడ్డిస్తోంది.

రవికుమార్‌కి మాత్రం తెలియదు. ఆయన ముఖం చూస్తే చాలు. కొత్త లాల్చీ వేసుకుని, అందరినీ పలకరిస్తూ, పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. అవనిని చూడగానే భుజం మీద చెయ్యేసి నలుగురిలోకి లాక్కొచ్చాడు. "మా దేదీప్య ఇవాళ ఇక్కడుందంటే ఈ అక్క వేసిన దారేనండీ," అన్నాడు గర్వంగా. తర్వాత చెవి దగ్గరకొచ్చి, "అమ్మడూ, వచ్చే ఏడు నువ్వు రాసేది ఒకసారి దేదీప్యకి చూపించు. ఏం రాసిందో నాకు చూపించలేదుగానీ, చాలా బాగా రాసిందట. సాయం చేస్తుంది" అన్నాడు.

అప్పటిదాకా అవని ఒక నిర్ణయంతో ఉంది. సర్టిఫికెట్ అడగాలి, కారణం చెప్పకూడదు. బ్యాంకు పని అంటే ఆయన మారుమాట లేకుండా ఇస్తాడు. ఆయన్ని నొప్పించకుండా తన పని చూసుకోవాలి. ఆ "సాయం చేస్తుంది" అన్న మాటతో ఆ దయ కాస్తా ఎగిరిపోయింది.

"అంకుల్, పైకి రండి. ఒక కాగితం కావాలి," అంది.

మేడ మీద ఆయన ఆఫీసు గదిలో ఇనుప డ్రాయరు. తాళం తీసి, "ఆదిశేషు" అని తన చేతి రాతతో ఉన్న కవరు బయటికి లాగాడు. దాన్ని ఒకసారి అరచేత్తో తుడిచాడు. దుమ్మేమీ లేదు. "ఇంకా నాలుగున్నాయి. ఇప్పుడెందుకమ్మా, బ్యాంకుకా?"

"కాదంకుల్. చనిపోయింది మా నాన్న, మీరు కాదు అని రుజువు చెయ్యాలి."

ఆయన నవ్వబోయాడు. అవని ఫోన్ తీసి ఆ మెయిల్, దాని కింది రెండు కాలమ్‌లు ఆయన ముందు పెట్టింది. కళ్ళజోడు పెట్టుకుని నిలబడే చదివాడు. కుడివైపు ముందు చదివాడు, చెప్పుల దగ్గర కళ్ళు చెమర్చాయి. తర్వాత ఎడమవైపు చదివాడు. చదివి కుర్చీలో కూర్చున్నాడు.

"గురువారమా నేను పోయింది?" అన్నాడు.

"గురువారమే అంకుల్."

"నా చెప్పులే," అన్నాడు. "నేను వాడికి తెచ్చిన చెప్పులు నా కాళ్ళకే తొడిగింది." కిందనుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. "మీ ఆంటీకి తెలుసా?"

"తెలుసనుకుంటా."

అవని అప్పుడు ఆయన ముఖంలోకి కళ్ళార్పకుండా చూసింది. నిజం చెప్పాలంటే కొంచెం తృప్తిగా కూడా ఉంది ఆమెకి. వారం రోజులుగా తనొక్కతే మోస్తున్న నొప్పి ఇప్పుడు ఇంకొకరి ముఖంలో కనిపిస్తోంది. ఇక కవరిస్తాడు. ఇచ్చి, కిందికెళ్ళి కూతుర్ని నాలుగు చివాట్లు పెడతాడు. ఆయన అలాంటి మనిషి.

రవికుమార్ కవరు డ్రాయరులో పెట్టాడు. డ్రాయరు మూశాడు. తాళం వేసి చెవి లాల్చీ జేబులో వేసుకున్నాడు.

"అంకుల్?"

"అది నా కూతురమ్మా."

"నేనెవరిని?"

తల వంచుకుని చాలా నెమ్మదిగా అన్నాడు. "వాళ్ళు నేను పోయాననే అనుకోనీ. నాకేం నష్టం? నువ్వు గట్టిదానివి, తట్టుకుంటావు. అది తట్టుకోలేదు. సీటు పోతే ఏం చేసుకుంటుందో."

మీట నొక్కినప్పుడు తన వేళ్ళ మీద ఉన్న వేళ్ళు ఇవే. అవని ఆ చేతుల వంక చూసింది. గట్టిదానివి! గట్టివాళ్ళని కొడితే పాపం లేదని ఎవరు చెప్పారో ఈ పెద్దలకి. మెట్లు దిగింది. గడియారంలో మూడూ నలభై ఐదు.

కింద కేకు చుట్టూ అందరూ మూగి ఉన్నారు. "డాడీ ఏడీ? డాడీ రావాలి!" అని దేదీప్య చిన్నపిల్లలా మారాం చేస్తోంది. రవికుమార్ దిగి వచ్చాడు. కూతురు ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసింది. ఎవరో అవనిని ముందుకు తోశారు. "నువ్వు తియ్యవే అవనీ, ఫొటోలు నువ్వు బాగా తీస్తావు."

అవనికి ఆ క్షణంలో తోచింది. అంతకుముందు ఆ ఊహే లేదు. తన ఫోన్ తీసింది. తేదీ, టైము ఫొటో మీద పడేట్టు పెట్టింది. కేకు మీద అక్షరాలు స్పష్టంగా రావాలని ఒక అడుగు వెనక్కి వేసింది.

దేదీప్యకి ఏమీ అర్థం కాలేదు, పళ్ళన్నీ కనిపించేట్టు నవ్వుతోంది. రవికుమార్‌కి అర్థమైంది. ఫోన్ వైపు చూసిన చూపులోనే తెలిసిపోయింది. కానీ నలభైమంది చూస్తున్నారు, కూతురి చెయ్యి మెడ మీద ఉంది, ఎక్కడికి పోతాడు? కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"అంకుల్, కళ్ళు మూయకండి," అంది అవని. "తెరవండి. ఇటు చూడండి."

అందరూ నవ్వారు. ఆయన కళ్ళు తెరిచాడు. అవని నొక్కింది.

కారులోకి వెళ్ళి కూర్చుని మెయిల్ రాసింది. రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. "కుడి కాలమ్‌లో ఉన్నది మా నాన్న. ఎడమ కాలమ్‌లో చనిపోయిన తండ్రి ఈయనే. ఫొటో ఈరోజు మధ్యాహ్నం మూడూ యాభై రెండుకి తీశాను. పక్కనున్నది ఆయన కూతురు, మీ అభ్యర్థి. ఇద్దరి పూర్తి పేర్లూ కింద ఇస్తున్నాను. మా నాన్న సర్టిఫికెట్ సోమవారం కౌంటీ ఆఫీసు తెరవగానే పంపుతాను." మళ్ళీ ఒకసారి చదవలేదు. నాలుగూ పదికి పంపింది. మీ సమాధానం అందింది, దీనికి తిరుగు జవాబు రాయకండి అని వెంటనే మెషీన్ మెయిల్ వచ్చింది. అవనికి ఒళ్ళంతా తేలికైంది. వారంలో మొదటిసారి ఆకలేసింది.

దమయంతి చేతిలో రెండు డబ్బాలతో వచ్చి పక్క సీట్లో కూర్చుంది. "రాధ నీకోసం పులిహోర కట్టిచ్చింది. ఒక్క ముద్ద తినలేదట నువ్వు," అంది. అవని కారు స్టార్ట్ చెయ్యబోతుంటే ఎవరో అద్దం మీద తట్టారు.

రవికుమార్. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. చేతిలో ఆ కవరుంది.

"తీసుకో తల్లీ," అన్నాడు అద్దం దించగానే. "పైన నేనన్న మాట మరిచిపో. మనిషినేనా నేను! నిన్ను అలా పంపించాక అన్నం ముద్ద దిగలేదు. దేదీప్యని గదిలోకి తీసుకెళ్ళి అడిగాను. ఏడ్చింది. ఇవాళే వాళ్ళకి తనే రాస్తానంది, అవని అక్క తప్పు లేదు, తప్పు నాదే అని. సీటు కూడా తనంతట తనే వదులుకుంటుంది. అప్పుడు దాని పేరు మీద ఏమీ రాయరు, వెనక్కి తీసుకుంది అంటారంతే. రెండేళ్ళాగి మళ్ళీ ప్రయత్నించుకుంటుంది. నీ సీటు నీకొస్తుంది. ఇంకా నలభై నిమిషాలుంది. నువ్వు దాని పేరు మాత్రం రాయకమ్మా. అదొక్కటే అడుగుతున్నాను."

దమయంతి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, దేవుడికో ఆయనకో తెలియదు.

అవని కవరు అందుకోలేదు.

"పంపేశాను అంకుల్," అంది.

"ఏం పంపావు? ఆ ఫొటోనా?"

అవని ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. కళ్ళజోడు లేదు కనుక ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసుకున్నాడు. ముందు కూతురి ముఖం చూశాడు. తర్వాత కేకు మీద అక్షరాలు. చాలాసేపు తన ముఖం.

"బాగా తీశావమ్మా," అన్నాడు. "బతికే ఉన్నానని ఎవరికైనా తెలుస్తుంది."

ఫోన్ తిరిగిచ్చాడు. ఆదిశేషు కవరుని దమయంతి ఒళ్ళో, పులిహోర డబ్బా మీద పెట్టాడు. పెట్టి, కంకర రాళ్ళు గుచ్చుకుంటుంటే అడుగు చూసి వేసుకుంటూ ఇంట్లోకి నడిచాడు. లోపల కూతురు లాప్‌టాప్ ముందు కూర్చుని, తన తప్పు తనే ఒప్పుకుంటూ రాస్తూ ఉంటుంది.